పీట, మేకుల బల్ల

చెక్కపని కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు ముందు ఏ వస్తువు చేయాలని అడిగితే రకరకాల జవాబులు వినిపిస్తాయి. తాళాలు తగిలించుకునే పలక అంటారు కొందరు. పిచ్చుకగూడు అనేవాళ్ళున్నారు, పూలకుండీల స్టాండు అనేవాళ్ళున్నారు. అన్నీ ఒక ఆదివారంలో తేలే పనులే, అన్నీ మంచివే. కాని చేసినవాళ్ళకు వస్తువుతోపాటు కలప గురించి ఒక ఎరుక కూడా మిగిల్చేవి వాటిలో తక్కువ. అలా మిగిల్చేవి నాకు రెండు కనిపిస్తాయి. ఒకటి మన పీట. దాన్ని తెలుగువాళ్ళకు పరిచయం చేయనక్కర్లేదు. రెండోది ఇటలీలో డిజైనర్ ఎంజో మారి 1974లో గీసి జనానికి పంచిపెట్టిన మేకుల బల్ల. ఈ రెండింటికీ పుట్టుకలో, ఎత్తులో, ఉద్దేశంలో ఎక్కడా పొత్తు లేదు. అయినా రెండూ ఒకే చిక్కును విప్పుతున్నాయి: నాలుగు చెక్కముక్కలను అతి తక్కువ పనితో, ఏళ్ళ తరబడి బరువు మోసేలా కలపడం ఎలా?

మారి సంగతి కాస్త చెప్పాలి. ఆయన 1932లో పుట్టారు, మిలాన్‌లో పనిచేశారు, 2020లో పోయారు. వామపక్ష భావాల మనిషి. 1957లో ఆయన రూపొందించిన '16 జంతువులు' అనే చెక్కబొమ్మల ఆటను డనేసే సంస్థ తయారుచేసింది. ఒకే పలకను వంపులు వంపులుగా కోస్తే ఏనుగు, ఒంటె, జిరాఫీ వంటి 16 జంతువులు విడివడతాయి. వాటిని మళ్ళీ ఒకదానిలో ఒకటి ఒదిగిస్తే పలక పలకే. మన కొండపల్లి పనివాళ్ళు తెల్లపొణికి కర్రతో విడివిడిగా చెక్కిన కాళ్ళూ చేతులూ అతికి బొమ్మను పెంచుకుంటూ పోతారు. అక్కడ ఒక్క పలకను విడదీస్తే బొమ్మలు పుట్టాయి. రెండు పనులకూ రంపం మీద గట్టి పట్టు కావాలి. అంత నాజూకు పని తెలిసిన మనిషి, పదిహేడేళ్ళ తర్వాత, మిలాన్‌లోని గలేరియా మిలానోలో పైన్ పలకలకు మేకులు కొట్టి చేసిన సామాను ప్రదర్శించారు. బల్లలు, కుర్చీలు, మంచాలు, పుస్తకాల అరలు కలిపి 19 నమూనాలు. ప్రతిదానికీ ఎన్ని ముక్కలు కావాలో, ఏ ముక్క ఎంత పొడవో, ఏది దేనిమీద పడాలో బొమ్మలతో చెప్పే పుస్తకం వేశారు. తపాలా ఖర్చు పంపినవాళ్ళకు దాన్ని ఉచితంగా పంపారు. కర్మాగారాలు, వ్యాపారులు తప్ప ఎవరైనా ఈ సామాను చేసుకోవచ్చు, చేసుకున్నాక ఫొటో తీసి పంపండి అన్నారు. ఆ ప్రయత్నానికి ఆయన పెట్టిన పేరు 'ఆటోప్రొజెట్టాజియోనే', అంటే ఎవరికివారు రూపొందించుకోవడం. పూర్తిగా కొత్తదారి అనలేం. హాలండులో డిజైనర్ రీట్‌ఫెల్ట్ 1934లోనే ప్యాకింగ్ పెట్టెల చెక్కలాంటి ముడి పలకలతో కుర్చీ చేశాడు. కాని రీట్‌ఫెల్ట్ కుర్చీని దుకాణం అమ్మింది. మారి మాత్రం అమ్మకాన్నే పక్కకు నెట్టారు.

పీటకు ఇలాంటి చరిత్ర ఏదీ లేదు. గీసినవారు లేరు, ఏడాది లేదు, ప్రదర్శన లేదు. ఊళ్ళో వడ్రంగి నాగలి చెక్కగా మిగిలిన ముక్కనో, తలుపు చేయగా మిగిలిన పలకనో పీటగా మార్చి ఇచ్చేవాడు. నగదు చేతులు మారేది కాదు. నాగళ్ళకూ బండ్లకూ ఏడాది పొడుగునా చేసిన పనికి కళ్ళాల్లో ఇచ్చే మేరలోనే అదీ కలిసిపోయేది. అమెరికా డిజైనర్లు చార్ల్స్, రే ఈమ్స్ దంపతులు 1958లో మన దేశం గురించి రాసిన నివేదికలో చెంబును ఆకాశానికెత్తారు. ఒక్క మనిషి గీయకుండా తరాల వాడకమే తీర్చిదిద్దిన రూపం అది అన్నది వాళ్ళ గమనిక. ఆ గౌరవానికి పీటకూ అంతే అర్హత ఉంది. చెంబుకు వంపుల అందం తోడైంది కాగా, పీటకు చూపించుకోవడానికి అంచులు తప్ప ఏమీ లేవు. అందుకే దాన్ని ఎవరూ తిప్పి చూడరు. నేను పీటను మెచ్చుకునేది దాన్ని బోర్లించిన తర్వాతే.

బోర్లిస్తే ఏముంటుంది? పలకకు అడ్డంగా రెండు అడ్డచెక్కలు. అంతే. వాటిని మనం కాళ్ళనుకుంటాం. నేలకూ పలకకూ మధ్య రెండు వేళ్ళ సందు ఇస్తాయి కనుక కాళ్ళే. వంటింటి తడి పలకకు అంటదు, ఎత్తడానికి వేళ్ళు దూరతాయి. కాని అసలు పని వేరే ఉంది. కలప చెట్టును విడిచి ఎన్నేళ్ళయినా గాలిలో తేమను పీలుస్తూ వదులుతూనే ఉంటుంది. వానాకాలం ఉబ్బుతుంది, రోహిణి కార్తెలో ముడుచుకుంటుంది. ఆ కదలిక నార వెంట, అంటే పలక పొడవునా, లెక్కలోకి రానంత తక్కువ. నారకు అడ్డంగా మాత్రం చెప్పుకోదగినంత. అడుగు వెడల్పున్న టేకు పలక కూడా తేమ బాగా మారితే రెండు మూడు మిల్లీమీటర్ల దాకా పెరగడం తగ్గడం ఉంటుంది, టేకు నిలకడ కలిగిన కలప అయినా సరే. అంతేకాదు, ఆరేకొద్దీ బెరడువైపు ముఖం గుంటపడుతుంది, చేవవైపు ముఖం ఉబ్బుతుంది. ఒంటరిగా వదిలేసిన వెడల్పాటి పలక ఏదో ఒక వేసవిలో దోనెలా వంగక తప్పదు. అడ్డచెక్క నార పలక నారకు అడ్డంగా ఉంటుంది. తన పొడవులో అది మారదు కాబట్టి పలకను చదునుగా పట్టుకుంటుంది.

ఇక్కడే పీటలోని తెలివి. చదునుగా పట్టుకోవాలి గాని, కదలకుండా బిగించేయకూడదు. బిగిస్తే పలక ముడుచుకోవాలనుకున్న రోజున దారి లేక నడిమికి చీలుతుంది. సంతలో కొన్న చవక పీటలు చాలావరకు అలాగే చీలతాయి, బంకతో అతికి మేకులు దట్టంగా కొట్టిన చోటునుంచే. మంచి పాత పీటలు కొన్నింటిలో అడ్డచెక్కకు మేకూ ఉండదు, బంకా ఉండదు. పలక అడుగున ఒక గాడి తీస్తారు. ఆ గాడి నోరు ఇరుకు, లోపల వెడల్పు. అడ్డచెక్క పై అంచును కూడా అదే ఏటవాలుకు చెక్కి, పక్కనుంచి దూర్చి సుత్తితో మెల్లగా తట్టుకుంటూ లోపలికి పంపుతారు. పైకి ఊడిరాదు, కిందికి జారదు, కాని పలక తన ఇష్టం వచ్చినట్టు అడ్డంగా పెరగవచ్చు, తగ్గవచ్చు. కూర్చునేవాళ్ళ కంటికి ఆనకుండా ఒక వడ్రంగి ఇంత ఆలోచన పలక కిందకు తోశాడంటే నాకు ఇప్పటికీ గౌరవంతో చేతులు జోడించాలనిపిస్తుంది.

మారి బల్ల ఇందుకు పూర్తిగా ఎదురు పద్ధతి. అక్కడ దాచినది ఏదీ లేదు. గాడి లేదు, బెజ్జంలో దిగే నాలుక లేదు. ప్రతి పలకనూ అడ్డంగా తిన్నగా కోస్తే చాలు, ఒక పలకను ఇంకో పలక మీద ఆనించి మేకు కొడితే చాలు. మేకు తలలు కూడా కనబడుతూనే ఉంటాయి. రంపం పట్టడం అప్పుడే నేర్చినవాళ్ళకు కోత ఒక నూలు అటూ ఇటూ అయినా ప్రమాదం లేదు, ఎందుకంటే ఏ ముక్కా ఇంకో ముక్క లోపలికి కచ్చితంగా దిగనవసరం లేదు. పీటలో గాడి ఒక నూలు వదులైతే అడ్డచెక్క ఊడి చేతికొస్తుంది. ఆ నూలు తేడా మారి బల్లలో కనబడను కూడా కనబడదు.

అయితే మేకుకు ఒక బలహీనత ఉంది. రెండు పలకలను ఒకే మేకుతో కలిపితే అవి ఆ మేకు చుట్టూ తిరుగుతాయి. నాలుగు పలకలతో చట్రం చేసి నాలుగు మూలలా మేకులు కొట్టండి, ఒక పక్కనుంచి తోయండి, చట్రం పక్కకు ఒరుగుతుంది. బల్లకు ఈ కష్టం రోజూ ఉంటుంది. మనుషులు దానిమీద మోచేతులు ఆనించి వాలతారు, లేచేటప్పుడు దాన్నే పట్టుకుని తోస్తారు, ఊడ్చేటప్పుడు ఈడుస్తారు. మారి దీనికి బల్లకింద ఏటవాలు పలకలతో జవాబు చెప్పారు. చట్రంలో మూలనుంచి మూలకు ఒక పలక పడితే రెండు త్రిభుజాలవుతాయి. త్రిభుజం భుజాల పొడవు మారకుండా దాని ఆకారం మారదు. రైలు వంతెనల్లో ఇనుప కమ్మీలు చేసే పనే ఇది. ఆయన బల్లకింద ఆ పలకలను వెతుక్కోనక్కర్లేదు, బల్ల రూపమే వాటితో వచ్చింది. బరువు ఎక్కడినుంచి దిగి ఎటు వెళ్ళి నేలను చేరుతోందో కొత్తగా సుత్తి పట్టినవాళ్ళు కూడా వేలితో గీసి చూపించగలరు.

కాబట్టి రెండు వస్తువులూ సులువైనవే గాని, ఒక్కోదానికి ఒక్కో శత్రువు. పీటకు శత్రువు కలపలోనే ఉంది, బల్లకు శత్రువు దాన్ని వాడే మనిషి. పీటను ఎవరు పక్కకు తోస్తారు? రెండంగుళాల ఎత్తులో ఒరగడానికి చోటెక్కడిది? బరువు నిలువునా నేలకు దిగుతుంది, కనుక దానికి త్రిభుజం అవసరం రాలేదు. అలాగే మారి బల్లకు గాడీ అవసరం రాలేదు, ఎందుకంటే అక్కడ వెడల్పాటి పలకే లేదు. సన్నపలకలు పక్కపక్కన పడతాయి. ఒక్కో పలక కొంచెమే ముడుచుకుంటుంది, తన మేకుల దగ్గర తాను సర్దుకుంటుంది. పైన్ మెత్తని కలప, మేకు కూడా కాస్త వంగుతుంది. ఒకటి వదిలేసిన పాఠాన్ని ఇంకొకటి చెబుతోంది. ఇంట్లో నేర్చుకునేవాళ్ళకు ఈ రెండూ పట్టుబడితే తర్వాత తలుపు చేసినా, మంచం చేసినా వచ్చే చిక్కుల్లో చాలావాటికి మూలం ముందే తెలిసిపోతుంది. అందుకే ఏదో ఒకటి చాలు అని నేను చెప్పలేను.

ఏది ముందన్నది మాత్రం చెప్పగలను. మేకుల పనే ముందు. మారి బల్లంత పెద్దది అక్కర్లేదు, అదే పద్ధతిలో మోకాలెత్తు చిన్న బెంచీ చాలు. పనిముట్లు రంపం, సుత్తి, మూలమట్టం, పెన్సిలు. మేకు పొడవు పై పలక మందానికి దాదాపు మూడింతలుండాలి. ఒక అతుకుకు కనీసం రెండు మేకులు, అవి ఒకే నార గీత మీద పడకుండా ఏటవాలుగా. ఒకే గీత మీద పడితే పలక ఆ గీత వెంటే విచ్చుకుంటుంది. పలక చివర దగ్గర కొట్టాల్సి వచ్చినప్పుడు మేకు మొనను ముందు సుత్తితో ఒక దెబ్బ కొట్టి మొద్దు చేయాలి. పదునైన మొన నారను రెండు పక్కలకూ చీలుస్తూ పోతుంది, మొద్దు మొన నారను నలిపి తోవ చేసుకుంటుంది. చూడటానికి తలకిందుల పద్ధతిలా ఉంటుంది గాని, రెండు ముక్కలమీద రెండు రకాలుగా కొట్టి చూస్తే అనుమానం ఉండదు.

పీట దీని తర్వాత మెట్టు. పద్దెనిమిది అంగుళాల పొడవు, అడుగు వెడల్పు, అంగుళం మందం ఉన్న పలక ఒకటి. అడుగు పొడవు, అంగుళంన్నర ఎత్తు ఉన్న అడ్డచెక్కలు రెండు. అవి పలక రెండు చివరలనుంచి మూడేసి అంగుళాలు లోపలికి రావాలి. ఏటవాలు గాడి తీయడం మొదటిసారే ఎవరికీ కుదరదు, ఉలి చెప్పినమాట వినడానికి కొన్నాళ్ళు పడుతుంది. అందాకా స్క్రూలతో అదే ఫలితం తెచ్చుకునే మార్గం ఉంది. ఒక్కో అడ్డచెక్కకు మూడు స్క్రూలు, అన్నీ అడుగునుంచే. నడిమి స్క్రూకు రంధ్రం సరిగ్గా సరిపోవాలి. అటూ ఇటూ ఉన్న రెండు రంధ్రాలను మాత్రం అడ్డచెక్క పొడవునా కొంచెం సాగదీయాలి, అంటే గుండ్రటి రంధ్రాన్ని నిడుపాటి సందుగా చేయాలి. స్క్రూ తల కింద వాషరు వేసి, మరీ కరుచుకునేలా కాకుండా బిగించాలి. పలక ముడుచుకున్నప్పుడు నడుమ కదలదు, అంచులు లోపలికి జరుగుతాయి, వాటితోపాటు ఆ స్క్రూలు సందులో జరుగుతాయి. బంక వేయకూడదు. ఇంత పనికీ అరగంట ఎక్కువ పడుతుంది, పీట ఆయుష్షులో ఆ అరగంట చాలా పెద్దది. పలక చివరల్లో వలయాల గీతలు చూసి చేవవైపు ముఖాన్ని పైకి పెట్టుకుంటే ఇంకా మంచిది. ఎప్పుడైనా కొంచెం ఉబ్బినా నడిమి స్క్రూ దాన్ని కిందికి లాగి పట్టుకుంటుంది. తర్వాత చిత్రిక పట్టి, ఉప్పుకాగితంతో నార వెంటే రుద్ది, అంచుల పదును చంపాలి. చివరికి పీటను చదునైన గచ్చుమీద పెట్టి నాలుగు మూలలూ ఒక్కోటి నొక్కి చూడాలి. టకటకమంటే పలకలో మెలి ఉందన్నమాట. ఏ మూల ఆనుతోందో గుర్తుపెట్టి, ఆ అడ్డచెక్క అడుగున కొద్దికొద్దిగా చిత్రిక పట్టాలి.

కలప దగ్గర రెండు సంప్రదాయాలూ మళ్ళీ విడిపోతాయి. మారి ఎంచుకున్నది ఇళ్ళు కట్టేచోట వాడే మామూలు పైన్ పలకలు. అక్కడ ఏ దుకాణంలోనైనా ఒకే కొలతల్లో దొరుకుతాయి కనుకనే ఆయన పుస్తకం పనిచేసింది. మన అడితిలో కలప ఘనపుటడుగుల లెక్కన అమ్ముతారు, కొత్తవాళ్ళు అక్కడికి వెళ్ళి ఒక్క పీటకు సరిపడా పలక అడగడానికి మొహమాటపడతారు. మొహమాటం వద్దు. కోతలో మిగిలిన ముక్కలు ప్రతి అడితిలోనూ మూల పడి ఉంటాయి, పీటకు అవే కావాలి. పూర్వం పనసచెక్క పీటకు పెట్టింది పేరు, ఇప్పుడు వేప, టేకు ముక్కలు తేలిగ్గా దొరుకుతాయి. మామిడి చవకే గాని పుచ్చు పట్టే గుణం ఉంది. ఏదైనా బాగా ఆరినదే తీసుకోవాలి, పచ్చి పలకతో చేసిన పీట ఎంత నేర్పుగా చేసినా మెలి తిరుగుతుంది. మేకుల పనికి ఫ్యాక్టరీల్లో సరుకు దించాక వదిలేసిన ప్యాలెట్ల పైన్ సరిపోతుంది. విదేశాలనుంచి వచ్చిన ప్యాలెట్ల మీద ఒక ముద్ర ఉంటుంది. 'హెచ్‌టి' అక్షరాలుంటే వేడితో శుద్ధి చేసినవి, వాడుకోవచ్చు. 'ఎంబి' అక్షరాలుంటే మిథైల్ బ్రోమైడ్ పొగ పట్టినవి, ఇంట్లోకి తేవద్దు.

పైపూత విషయంలో మారి పలకలను ముడిగానే వదిలేశారు. పీట కూడా ముడిదే, కాని దానికి కాలం పూత వేస్తుంది. శుభకార్యాలకు రాసిన పసుపు, తుడిచిన తడిబట్ట, కూర్చున్న మనుషుల రాపిడి కలిసి ఇరవై ఏళ్ళకు పలకకు ఏ వార్నిషూ ఇవ్వని నునుపు తెస్తాయి. అంత ఆగలేకపోతే అవిసె నూనె పలచగా రుద్దవచ్చు. ఆ నూనె గుడ్డను మాత్రం ఉండచుట్టి మూల పడేయకూడదు, దానంతట అదే వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది. పరిచి ఆరబెట్టాకే పారేయాలి.

ఇక చేసే మనిషి సంగతి. పీట విషయంలో చేసినవాడూ కూర్చున్నవాడూ వేరు. మేర పద్ధతిలో ఎంత మంచి ఉన్నా, చెక్కపని ఒక కులానికి అప్పగించిన ఏర్పాటు అది. రైతు పీట మీద కూర్చుంటాడు గాని ఉలి పట్టడు. వడ్రంగి చెక్కిన పీట మీద తనకు చోటు దొరకని ఇళ్ళూ ఉండేవి. ఈ మాట మరిచిపోయి పీటను కేవలం అందమైన గతంగా చూపడం నాకు నచ్చదు. మారి కోపం కూడా ఇలాంటి విభజన మీదే. కాకపోతే ఆయన చూసినది కర్మాగారానికీ కొనుగోలుదారుకూ మధ్య ఉన్న గోడ. ఒక్కసారి బల్ల చేసిన మనిషి ఆ తర్వాత దుకాణంలో వస్తువును వేరే కంటితో చూస్తాడు, ఎందుకింత ధర, ఎందుకింత ముస్తాబు అని అడుగుతాడు అన్నది ఆయన ఆశ. ఊళ్ళోని గోడ పుట్టుకనుబట్టి కట్టినది కాగా, మిలాన్‌లోని గోడ డబ్బు కట్టినది. రెండు చోట్లా పని తెలిసిన చేయి ఒక పక్క, వాడుకునే మనిషి ఇంకో పక్క మిగిలారు.

మారి ఆశ పూర్తిగా నెరవేరలేదు. పుస్తకం కోసం ఉత్తరాలు వెల్లువెత్తాయి, బల్లలు తయారయ్యాయి. కాని చాలామంది దాన్ని పల్లెటూరి ముడి అందంగా చూశారు, కొండల్లోని విడిది ఇంటికి బాగుంటుందని చేయించుకున్నారు. అది ఆయనను నొప్పించింది. మన పీటకూ ఇంచుమించు అదే గతి. ఇప్పుడు పూజాసామగ్రి దుకాణాల్లో రంగుల ముగ్గులు అద్దిన పీటలు కనిపిస్తున్నాయి. బోర్లించి చూస్తే అడ్డచెక్కలకు బదులు నాలుగు మూలలా అతికిన చెక్కబిళ్ళలు. పైముఖం మాత్రమే మిగిలి, పలకను కాపాడిన భాగం పోయింది. రెండింటి విషయంలోనూ జనం రూపాన్ని తీసుకుని కారణాన్ని వదిలేశారని నా అభిప్రాయం.

ఆశ నెరవేరిన చోట్లూ ఉన్నాయి. 2010లో ఫిన్లాండు సంస్థ ఆర్టెక్ ఆయన మొదటి కుర్చీని కోసిన పలకలు, మేకులు, బొమ్మల కాగితంతో సహా కట్టగా అమ్మడం మొదలుపెట్టింది. కొన్నవాళ్ళు తామే మేకులు కొట్టుకోవాలి. బెర్లిన్‌లో కుకులా అనే బృందం 2013 ప్రాంతంలో చేసిన పని నాకు ఇంకా ఇష్టం. ఆఫ్రికానుంచి లాంపెడూసా ద్వీపం మీదుగా జర్మనీ చేరిన శరణార్థి యువకులు మారి నమూనాలతో కుర్చీలు చేశారు. కొన్నింటిలో సముద్రం దాటించిన పడవల చెక్కనే కలిపారు. వ్యాపారులకు వద్దన్న మారి, వాళ్ళకు మాత్రం చేసి అమ్ముకునే అనుమతి ఇచ్చారు. తాను పెట్టిన షరతుకు తానే ఇచ్చిన ఈ మినహాయింపులో ఆయన ఉద్దేశం ఆ పుస్తకంలోకంటే స్పష్టంగా తెలుస్తుంది. పని రాని చేతికి పని రావాలి, ఆ పనితో బతుకు గడవాలి.

ఈ వెలుగులో చూస్తే ఇవాళ హైదరాబాదులోనో విశాఖలోనో అపార్ట్‌మెంటు బాల్కనీలో ఒక బ్యాంకు ఉద్యోగి సెలవురోజున పీట చేయడం కొత్త సంగతి. మన సంప్రదాయం ఆమెను ఎన్నడూ ఆ పని అడగలేదు. వస్తువు మన వడ్రంగిది, ఎవరైనా చేసుకోవచ్చన్న ధైర్యం మారిది. అలా చేసిన పీట వడ్రంగి పీటంత బాగుండదు. ఉండనక్కర్లేదు. గాడి తీయడానికి తనకు ఎంతసేపు పట్టిందో తెలిసిన మనిషి, అదే గాడిని చకచకా తీసే వడ్రంగి కూలి దగ్గర బేరమాడటానికి జంకుతుంది. ఇంటిపని నేర్చుకుంటే వడ్రంగుల నోరు కొట్టినట్టవుతుందన్న మాట నేను విన్నాను. వాళ్ళ పీటల గిరాకీ ప్లాస్టిక్ స్టూళ్ళతో ఎప్పుడో పోయింది. పనిని గుర్తుపట్టే కళ్ళు పెరిగితేనే మళ్ళీ వాళ్ళ గుమ్మం తొక్కేవాళ్ళు పెరుగుతారు.

రెండు పద్ధతులనూ ఒకే వస్తువులో కలపడం కూడా సాధ్యమే, రెండూ చేసినవాళ్ళకు మూడో పనిగా నేను చెప్పేది అదే. జానెడెత్తు పీట. కింద కూర్చుంటే మోకాళ్ళు లేవనివ్వని పెద్దవాళ్ళకు ఇది బాగా పనికొస్తుంది. పైన వెడల్పాటి పలక, దానికింద సందులో జరిగే స్క్రూలతో రెండు అడ్డచెక్కలు, అచ్చం పీట లెక్క. ఆ అడ్డచెక్కలకు కిందినుంచి కాళ్ళు, కాళ్ళ మధ్య ఏటవాలు పలక, అచ్చం మారి లెక్క. ఎత్తు పెరిగింది కనుక తోపు వచ్చింది, తోపు వచ్చింది కనుక త్రిభుజం వచ్చింది. పలక వెడల్పు తగ్గలేదు కనుక సందూ ఉండాల్సిందే. పెద్దవాళ్ళు దానిమీద చేతులు ఆనించి లేచినప్పుడు, ఏటవాలు పలక ఉన్నదానికీ లేనిదానికీ తేడా చేతికే తెలుస్తుంది.

మారికి ఉన్నది, పీటకు లేనిది ఒకటే: కొలతల పుస్తకం. పీట, ముక్కాలిపీట, కత్తిపీట, కవ్వం, ఊయల బల్ల, గూటి తలుపు, ఇవన్నీ వడ్రంగుల చేతుల్లోనే ఉండి, ఆ చేతులతోపాటే వెళ్ళిపోతున్నాయి. పీట గురించి పదాలూ పద్ధతులూ రాసుకున్నాం గాని, దాని అడ్డచెక్క ఎంత లోపలికి రావాలో, గాడి ఎంత వాలు ఉండాలో తెలుగులో బొమ్మ గీసి చెప్పే చిన్న పుస్తకం నాకింతవరకు కనబడలేదు. తెలుగు విశ్వవిద్యాలయమో, చేతివృత్తుల మీద పనిచేసే ఏదైనా సంస్థో పూనుకుంటే కొద్ది నెలల పని. ముక్కల పట్టిక, కొలతలు, ఏ కలప నప్పుతుందో, ఏ ముక్క ఏ వరుసలో కలపాలో ఉండాలి. వస్తువు ఏ ఊళ్ళో ఏ వడ్రంగి దగ్గర కొలిచారో ఆయన పేరుతో సహా బొమ్మ కిందే అచ్చవ్వాలి. ప్రతి వస్తువుకూ కనీసం మూడు బొమ్మలు కావాలి: పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి, బోర్లించి ఒకటి.